చీనా దేశపు ధూపమృగములు



సంధ్యవేళ దీపము పెట్టి, కుంపటిలో రెండు నిప్పుకణికలు వేసి, వానిపై చిటికెడు సాంబ్రాణి చల్లుట మన గ్రామములలో ప్రతి యింటను ఎరిగిన పనియే. పసిబిడ్డకు తలంటిన దినమున ఆ పొగనే బిడ్డ తలకు పట్టుదురు. దేవాలయమున ధూపము లేని పూజ లేదు. ఈ పనికి మనము మట్టిమూకుడునో, చిన్న ఇత్తడి పాత్రమునో వాడుకొనుచున్నాము. చీనా దేశస్థులు ఇంతమాత్రముతో తృప్తి పొందలేదు. బాతులను, సింహములను, కొంగలను, తాబేళ్ళను, లోకమున ఎన్నడును పుట్టని వింతమృగములను సయితము వారు కంచుతో పోతపోసి, వాని కడుపులో నిప్పుంచి, నోటివెంట పొగ వెడలునట్లు చేసిరి. ఆ పాత్రములను గూర్చి నేడు మీతో కొంత ముచ్చటింపదలచితిని.

ఎక్కడి చీనా, ఎక్కడి మన పల్లె, వీనికేమి సంబంధమని మీలో కొందరికి తోచవచ్చును. అట్టి మృగ మొకటి ఎనుబది యేండ్లకు పైగా మా యింట నున్నది. దాని మూలమున మా కుటుంబమునకు ఒక నష్టము కలిగినది. ఆ నష్టమునకు బీజము వేసినది నా నోరే. అట్టి నష్టము మరియొక యింట కలుగకుండుటకై ఈ కథను కూడ దాపరికము లేక చెప్పెదను.

మా తాతగారు కోరంగి ప్రాంతమువారు. ఆ కాలమున గోదావరి మండలమునుండి వేలకొలది తెలుగువారు ఓడలెక్కి కూలికై రంగూనునకు పోవుచుండిరి. బర్మాలో మనవారికి కోరంగీలను పేరు వచ్చుట ఆ రేవునుబట్టియే. తాతగారు అచట ఒక బియ్యపు మిల్లులో పనిచేయుచుండిరి. వారి బసకు ప్రక్కనే చీనా దేశపు వడ్రంగి యొకడు కాపురముండెను. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అయినను ఇరువురకును స్నేహము కుదిరెను. 1941వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. ఊరంతయు చెదరిపోయెను. వడ్రంగి భార్యాబిడ్డలతో ఉత్తరమునకు ప్రయాణమయ్యెను. తాతగారికి కలకత్తా పోవు ఓడలో ఎట్లో చోటు దొరకెను. విడిపోవునాడు ఆ వడ్రంగి తన పితృదేవతల యెదుట ధూపము వేయు కంచుమృగమును గుడ్డలో చుట్టి తెచ్చి తాతగారి చేతులలో పెట్టెనట. "నీకు ఓడ కలదు. నాకు నడక. మరల కలిసినప్పుడు ఇమ్ము" అని సైగలతోను, వచ్చిన నాలుగు ముక్కలతోను చెప్పెనట. మరల వారు కలియలేదు.

తాతగారు బ్రతికియున్నంతకాలము ప్రతి అమావాస్యనాడును దానిలో సాంబ్రాణి వేయుచుండిరి. "ఇది వాడు నాకు ఇచ్చిన వస్తువు కాదు, అప్పగించిన వస్తువు" అని వారు అనుచుండుట నా చిన్నతనమున చెవులార వింటిని. విని మరచితిని.

అది జానెడు ఎత్తున, రెండు వీసెల బరువున ఉండును. సింహమువంటి జూలు, తెరచిన నోరు, నాలుగు పొట్టి కాళ్ళు, నుదుట ఒక్కటే కొమ్ము. తల వెనుకకు వాలును. వాల్చినచో కడుపు కనబడును. అడుగున ఆరు చీనా అక్షరములు గల ముద్ర యున్నది. పిల్లలము దానిని కంచుకుక్క యనెడివారము. తాతగారు పోయిన తరువాత మా మామ్మ దాని కడుపులో పసుపుకొమ్ములు దాచుకొనెడిది. దాని మేను ఎండిన చింతగింజ వన్నెలో నిగనిగలాడుచుండెను. నాకు పండ్రెండేండ్ల వయసున సంక్రాంతి పండుగకు ఇల్లు శుభ్రపరచుచు, ఆ వన్నెను మురికియని తలచి, చింతపండును ఇటుకపొడియు పెట్టి ఒక పూటంతయు తోమితిని. అది క్రొత్త చెంబువలె తళతళలాడెను. అందరును నన్ను మెచ్చుకొనిరి. ఆ మెప్పు ఎంత అజ్ఞానమో తెలియుటకు నాకు ఏబది యేండ్లు పట్టెను.

ఇక అసలు విషయమునకు వత్తము. చీనా దేశమున ధూపపాత్రములు మిక్కిలి ప్రాచీనములు. హాన్ వంశపు రాజుల కాలమున, అనగా రెండువేల యేండ్లకు పూర్వము, పర్వతాకారపు మూతగల ధూపపాత్రములను చేసిరి. వానిని బోషాన్ పాత్రములందురు. 1968వ సంవత్సరమున హెబే రాష్ట్రమందలి మాన్‌చెంగ్ కొండలో ల్యూ షెంగ్ అను రాజకుమారుని సమాధి బయల్పడినది. ఆయన క్రీ. పూ. 113లో మరణించెను. ఆయన కళేబరమునకు బంగారుతీగెతో కుట్టిన పచ్చరాతి కవచము తొడిగియుండిరి. ఆ సమాధిలో దొరకిన ధూపపాత్రము సుమారు 26 సెంటీమీటరుల ఎత్తుగలది. కంచుపై బంగారు రేఖలు పొదిగి, మూతను శిఖరములుగా మలచి, ఆ శిఖరముల నడుమ మృగములను, వేటకాండ్రను నిలిపిరి. లోపల ధూపము వేసినచో కొండల సందులనుండి మంచువలె పొగ లేచును. మృగములు అప్పటికి కొండమీద తిరుగుచున్నవి. తరువాతి శతాబ్దములలో మృగమే పాత్రమైనది.

ఈ మార్పునకు మన దేశముతో గొప్ప సంబంధము కలదు. చీనాలో సింహములు పుట్టవు. పశ్చిమదేశములనుండి కానుకగా వచ్చిన కొలదిపాటి సింహములనే అచటి రాజులు చూచిరి. బౌద్ధమతము ఆ దేశమున ప్రవేశించినప్పుడు బుద్ధుని సింహాసనము, మంజుశ్రీ బోధిసత్త్వుని వాహనమైన సింహము, బుద్ధునికి ధూపము సమర్పించు ఆచారము, ఈ మూడును కలిసియే వెళ్ళినవి. సింహమును కన్నులతో చూడని శిల్పులు తాము విన్నదానినిబట్టి దానిని చెక్కిరి. అందువలననే చీనా సింహము కొంత కుక్కవలెను, కొంత యాళివలెను కానవచ్చును. మా పిల్లలము దానిని కుక్క యనుటలో పూర్తిగా పొరబడలేదేమో!

ధూపద్రవ్యములును అంతే. చందనము మన దేశమునుండియు, అగరు అన్నాము ప్రాంతమునుండియు, కర్పూరము దక్షిణ ద్వీపములనుండియు, మంచి సాంబ్రాణి అరబ్బు దేశమునుండియు ఓడలలో చీనాకు పోవుచుండెను. మన మోటుపల్లి రేవును తలచుకొనుడు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166, అనగా క్రీ. శ. 1244లో, అచట ఒక శాసనము వేయించెను. గాలివానకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు తమ సొత్తుగా పట్టుకొనుచుండిరి. ఇకమీదట అట్లు చేయబోమనియు, నియమిత సుంకము మాత్రమే గైకొందుమనియు ఆయన వర్తకులకు అభయమిచ్చెను. ఆ సుంకముల పట్టికలో చందనము, కర్పూరము, చీనికర్పూరము మొదలగు సుగంధద్రవ్యముల పేర్లు కలవు. చీనా దేశపు కంచుసింహము నోటినుండి వెడలిన పొగలో మన సముద్రతీరపు వాసన కొంత యుండెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఇప్పుడు ఆ మృగములను ఒక్కొక్కదానినే చూతము.

మొదటిది బాతు. దీనిని సాధారణముగా అంతఃపురములలోను, స్త్రీల గదులలోను ఉంచెడివారు. వీపు మూతగా తెరచుకొనును. ముక్కునుండి పొగ వచ్చును. సోంగ్ వంశపు రాజుల నాటికి ఈ బాతులు ప్రసిద్ధములు.

రెండవది సింహము. దీనికి వారి ప్రాచీన భాషలో సువాన్‌ని యని పేరు. మహాసర్పమునకు, అనగా వారి డ్రాగనుకు, తొమ్మండుగురు కుమారులనియు, అందొకడైన సువాన్‌ని పొగయన్నను, కదలక కూర్చుండుటయన్నను ప్రీతిగలవాడనియు మింగ్ వంశపు కాలమున ఒక కథ వ్యాపించెను. అందుచేతనే దానిని ధూపపాత్రములపై నిలిపిరని చెప్పుదురు. 1123లో కొరియా దేశమునకు రాయబారముతో వెళ్ళిన షూ జింగ్ అను చీనా అధికారి, అచట పచ్చని పింగాణితో చేసిన సింహధూపపాత్రమును మెచ్చుకొని తన గ్రంథమున వర్ణించెను.

మూడవది ఏనుగు. వారి భాషలో ఏనుగునకును, శుభసూచన యను అర్థమునకును ఒకటే శబ్దము. కావున ఏనుగు బొమ్మ దేశము శాంతిగా నున్నదనుటకు గుర్తు.

నాలుగవది కొంగ, అయిదవది తాబేలు. రెండును దీర్ఘాయువునకు చిహ్నములు. పేకింగు నగరమందలి రాజప్రాసాదమున పట్టాభిషేకాది మహోత్సవములు జరుగు పెద్ద సభామండపము కలదు. దాని యెదుటి రాతి అరుగుమీద కంచుకొంగలును, కంచుతాబేళ్ళును జంటలుగా నిలిచియున్నవి. లోపల బోలు. ఉత్సవ దినములలో వీపుమీది మూత తీసి, చందనపుచెక్కలు, దేవదారు కొమ్మలు మొదలగునవి లోపల వెలిగించెడివారు. కొంగ ముక్కునుండియు, తాబేటి నోటినుండియు పొగలు లేచి అరుగంతయు క్రమ్ముకొనెడిది. 1912లో చీనా కడపటి చక్రవర్తి సింహాసనము విడిచెను. కొంగలును తాబేళ్ళును మాత్రము నేటికిని అచటనే యున్నవి.

డ్రాగను ఆకారముతో చేసిన మరియొక చమత్కారమును చెప్పవలెను. పొడుగైన పడవవంటి డ్రాగను వీపుమీద ఒక ఊదువత్తిని పరుండబెట్టుదురు. వత్తికి అడ్డముగా దారములు వేసి, రెండు కొనలకును చిన్న లోహపు గుండ్లు కట్టుదురు. వత్తి కాలుచు వచ్చి దారమును తాకగానే దారము తెగి, గుండ్లు క్రింది పళ్ళెములో ఠంగున పడును. అదియే వారికి గడియారము. మన పెద్దలు గడియకుడుకను నీటిలో వేసి కాలము కొలిచిరి. వారు నిప్పుతో కొలిచిరి.

కడపటిది మా యింటి మృగము. ఏకశృంగి. దాని పేరు లూదువాన్. ఇది దినమునకు 18,000 లీలు, అనగా సుమారు తొమ్మిదివేల కిలోమీటరులు, పరుగెత్తగలదట. సర్వదేశ భాషలును ఎరుగునట. ధర్మాత్ముడైన రాజు పాలించునప్పుడే కానవచ్చునట. అందువలన చక్రవర్తి సింహాసనమునకు ఇరువైపుల దీనిని జంటగా నిలిపి, కడుపులో ధూపము వేయుచుండిరి. దీని కథ ఇంకొకటి కలదు. దానిని చివర చెప్పెదను.

పొగ నోటనే ఎట్లు వచ్చునని మీరడుగవచ్చును. ఇందు మంత్రము లేదు. కడుపులో మెత్తని బూడిద నింపి, దాని నడుమ రాజిన బొగ్గును పూడ్చి, పైన పలుచని అభ్రకపు రేకు పరచి, ఆ రేకుమీద ధూపద్రవ్యము నుంచుదురు. నిప్పు తగులక సెగ మాత్రమే తగులుటచేత ద్రవ్యము మాడక మెల్లగా పరిమళించును. పొగ కావలసినచో నేరుగా నిప్పుమీదనే వేయుదురు. వేడిగాలి పైకి పోవుట సహజము. మూత బిగువుగా నుండి, మెడ గొట్టమువలె బోలుగా నుండి, నోరు తప్ప వేరుదారి లేనప్పుడు పొగ నోటనే వెడలును. మన వంటయింటి పొగగొట్టమునకు ఏది సూత్రమో దీనికిని అదియే.

వీనిని పోతపోయు విధానము మనకు క్రొత్త కాదు. తొలుత మైనముతో బొమ్మను చేసి, దానిపై మెత్తని మట్టి పూసి, ఆరనిచ్చి, కాల్చుదురు. మైనము కరగి జారిపోవును. ఆ ఖాళీలో కరగించిన లోహమును పోయుదురు. చల్లారిన పిమ్మట మట్టిని పగులగొట్టుదురు. కడుపు బోలుగా నుండవలెనన్నచో నడుమ మట్టిముద్ద నుంచి, దానిపై మైనము పరచుదురు. చీనావారు ప్రాచీనకాలమున ముక్కలుముక్కలుగా చేసిన మట్టి అచ్చులతో పోతపోసిరి. మైనపు పద్ధతియు వారికి తెలియును. మన శాస్త్రములలో దీనినే మధూచ్ఛిష్ట విధానమనిరి. తెలంగాణమందలి ఆదిలాబాదు ప్రాంతమున ఓజ కులస్థులు నేటికిని ఈ విధముననే దేవతావిగ్రహములను, గంటలను పోతపోయుచున్నారు. వారి పనితనమునకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించెను. కొలిమి యెదుట కూర్చున్న ఓజవాడును, చీనా కంచరియు ఒకరి భాష ఒకరికి రాకున్నను ఒకరి పని నొకరు వెంటనే గ్రహింపగలరు.

ఇక ముద్ర సంగతి. మింగ్ వంశమున షువాన్‌దే యను చక్రవర్తి 1425 మొదలు 1435 వరకు పాలించెను. ఆయన 1428లో సయాము రాజు పంపిన రాగిని తెప్పించి, దానిని పండ్రెండు మారులు శుద్ధిచేయించి, వేలకొలది ధూపపాత్రములు పోతపోయించెనని ప్రసిద్ధి. ఆ కీర్తిచేత తరువాతి మూడు నాలుగు శతాబ్దముల కంచరులు తాము చేసిన పాత్రముల అడుగున ఆయన ముద్రనే వేయుచువచ్చిరి. కొందరు మోసమునకు వేసిరి, కొందరు గౌరవమునకు వేసిరి. నేడు లోకమున కనబడు అట్టి ముద్రగల పాత్రములలో అధిక భాగము ఆ చక్రవర్తి మరణించిన చాలకాలమునకు పుట్టినవే. ఆ కథను చెప్పు గ్రంథమే తరువాతి కాలమున కూర్పబడినదని పండితులు తలచుచున్నారు. మరియు కంచు అని పేరేగాని, పరీక్షింపగా వీనిలో అనేకములు తుత్తునాగము కలిసిన ఇత్తడివిగా తేలినవి. కావున ముద్ర ఒక్కటియే వయసునకు సాక్ష్యము కాదు.

ఈ మాట నాకు ముందే తెలిసియున్నచో మా తమ్ముని పొలము దక్కియుండెడిది.

నేను బడిపంతులుగా నుండి విరమించినవాడను. పండ్రెండేండ్ల క్రిందట ఏదో పుస్తకమున ఆ ముద్ర చిత్రమును చూచితిని. ఇంటికి వచ్చి పోల్చితిని. ఆరు అక్షరములును సరిపోయినవి. ఇంకేమున్నది! ఆ సాయంకాలమే రచ్చబండ కడ కూర్చుండి, మా యింట చీనా చక్రవర్తి వస్తువున్నదనియు, దాని వయసు ఆరువందల యేండ్లనియు, దాని వెల కోట్లలో నుండుననియు చెప్పితిని. వెల మాట నేను కల్పించినదే. వినువారు నోళ్ళు తెరచుటయే నాకు చాలియుండెను.

నెల తిరుగకుండ ఇద్దరు మనుష్యులు కారులో వచ్చిరి. నేను ఊర లేను. తమ్ముడు వారికి మృగమును చూపెను. వారు దానిని త్రిప్పిత్రిప్పి చూచి, కన్నులకద్దుకొని, విదేశమున కొనువారు సిద్ధముగా నున్నారనియు, కాని ముందు లోహపరీక్ష జరుగవలెననియు, దానికి రెండు లక్షల రూపాయలు కట్టవలెననియు చెప్పిరి. తమ్మునికి అప్పటికే బోరుబావుల ఋణము మెడకు చుట్టుకొనియున్నది. కుమార్తె పెండ్లికి ఎదిగియున్నది. పొలము తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చి ఇచ్చెను. వారు మరల రాలేదు. టెలిఫోను మ్రోగుట మానెను. వడ్డీ పెరిగి పెరిగి, చివరకు అర ఎకరము మాగాణి అమ్మి ఋణము తీర్చవలసివచ్చెను.

నేను అతనిని కోపించితిని. "ఎవరో దారిన పోవువారి చేతిలో అంత సొమ్ము ఎట్లు పోసితివిరా?" అంటిని. అతడు తల వంచుకొని, "వారిని నేను నమ్మలేదు అన్నయ్యా. నిన్ను నమ్మితిని. అది చక్రవర్తి వస్తువని చెప్పినది నీవే కదా" అనెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ఏమి లాభము? ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. నేటికిని లేదు.

ఇట్టి మోసములు మన పల్లెలలో పలు వేషములతో తిరుగుచున్నవి. బియ్యమును లాగు రాగిచెంబని, పిడుగు పడిన లోహమని, రైస్ పుల్లింగ్ అని మీరును వినియుందురు. రాగికి బియ్యమును లాగు శక్తి లేదు. గింజలకు ఇనుపరజను పట్టించి, పాత్రలో అయస్కాంతము దాచి ఆ వినోదము చూపుదురు. ఎవడైన మీ వస్తువును కొనెదనని వచ్చి, ముందుగా మీయొద్దనే సొమ్ము అడిగినచో, వాడు కొనువాడు కాడని గ్రహింపుడు. కొనువాడు సొమ్ము ఇచ్చును, తీసికొనడు.

తరువాత నేను ఆ మృగమును సంచిలో పెట్టుకొని, పురావస్తువుల నెరిగిన ఒక పెద్దమనిషి కడకు పోతిని. ఆయన రూపాయి అడుగలేదు. తల వాల్చి, వేలితో లోపల తడిమి, అడుగు చూచి, "ఇది నూటయేబది, రెండువందల యేండ్లది కావచ్చును. ఇత్తడి. ముద్ర తరువాతి కాలపుది. అమ్మినచో పెద్ద ధర రాదు" అనెను. పిమ్మట, "దీనిని ఎవరు తోమిరి?" అని యడిగెను. నేనని ఒప్పుకొంటిని. చేతుల స్పర్శచేతను, పొగచేతను, నిప్పు సెగచేతను లోహముపై ఏండ్ల తరబడి ఏర్పడిన వన్నెయే ఇట్టి వస్తువులకు అందమనియు, ఆయుర్దాయమునకు సాక్ష్యమనియు, చింతపండు పులుసు దానిని ఒక్కపూటలో తినివేయుననియు, మరల దానిని తెచ్చుట ఎవరి తరమును కాదనియు ఆయన చెప్పెను. చివరకు దీపము దగ్గరకు తెచ్చి మెడలోనికి చూపుచు, "ఇచటికి మాత్రము మీ చేయి పోలేదు. చూడుడు" అనెను. మెడ గొట్టములో మసి దట్టముగా పేరుకొనియుండెను. ఆ మసిలో మా తాతగారి అమావాస్యల సాంబ్రాణి కలదు. దానికి అడుగున, పేరు తెలియని ఆ చీనా వడ్రంగి తన పెద్దలకు వేసిన ధూపము కలదు. ఆ క్షణమున తాతగారి మాట నాకు జ్ఞప్తికి వచ్చెను. అది మాకు ఇచ్చిన వస్తువు కాదు, అప్పగించిన వస్తువు. అప్పగించిన వస్తువునకు వెల కట్టినవాడను నేనే.

ఇక లూదువాన్ కథ. దీనిని యువాన్ వంశ చరిత్రయందు వ్రాసిరి. ఆ గ్రంథము 1370లో ముగిసినది. మంగోలు చక్రవర్తి చెంగిజ్ ఖాన్ దేశములను దహించుచు పడమరకు వచ్చి, 1221లో సింధునదీ తీరమున జలాలుద్దీను అను రాజును ఓడించెను. ఆయన హిందూదేశముపై దండెత్తి వచ్చుచుండగా, లేడివంటి మేనును, గుఱ్ఱపుతోకయు, ఒక్క కొమ్మును గల పచ్చని మృగ మొకటి కావలివాండ్రకు ఎదురుపడి, మీ ప్రభువు త్వరగా మరలిపోవుట మంచిదని మనుష్యభాషలో పలికెనట. చక్రవర్తి తన మంత్రియైన యెల్యూ చూట్సాయ్‌ని పిలిచి యడిగెను. ఇది సర్వభాషలు తెలిసిన శుభమృగమనియు, ప్రాణములను ప్రేమించి వధను ద్వేషించునదనియు, ప్రజలను రక్షింపుమని హెచ్చరించుటకై దైవము దీనిని పంపెననియు మంత్రి విన్నవించెను. ఆ దినముననే సేనను మరలించిరని ఆ చరిత్ర చెప్పుచున్నది.

అది 1224లో జరిగినదని ఆ గ్రంథమున నున్నది. నాటికి చెంగిజ్ ఖాన్ స్వదేశమునకు తిరుగుముఖము పట్టియే యుండెను. ఎండలు, దారుల కష్టము, వెనుక తంగూతుల తిరుగుబాటు, ఇవియే ఆయన మరలిపోవుటకు కారణములని చరిత్రకారులు చెప్పుదురు. మృగము మాటాడినదో లేదో విడిచిపెట్టుడు. చంపుట తప్ప వేరెరుగని ప్రభువు ఎదుట, "చంపకుము" అని చెప్పుటకు ఆ మంత్రికి ఒక మృగము నోరు కావలసివచ్చెను. ఆ నోటిని చీనావారు కంచుతో పోసి, ఆరని ధూపముతో నింపి, సింహాసనము ప్రక్కన నిలిపిరి. రాజు తలయెత్తినప్పుడెల్ల అది కనబడవలెనని వారి యుద్దేశమైయుండునని నేననుకొందును. ఆ దండు నిజముగా దక్షిణమునకు దిగివచ్చియున్నచో, గణపతిదేవుడు పాలించుచున్న మన దేశము గతి ఏమైయుండెడిదో ఎవరు చెప్పగలరు?

పెద్దలారా, నాకీయబడిన వ్యవధి ముగియవచ్చినది. మీ యిండ్లలో అటుకలమీదను, దేవుని గూళ్ళలోను, పాత పెట్టెలలోను తాతముత్తాతల కంచు, రాగి వస్తువులుండును. వానిని గూర్చి నాలుగు మాటలు చెప్పి విరమించెదను. చింతపండుతోను, ఇసుకతోను తోమకుడు. పొడిగుడ్డతో తుడిచిన చాలును. తూకమునకు పాతసామానుల వానికి వేయకుడు. నూరేండ్లు దాటిన కళావస్తువులను పురావస్తువులుగా ఎంచి, వానిని ప్రజలు విదేశములకు పంపుటను 1972వ సంవత్సరపు చట్టము నిషేధించినది. వాని వ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెను. దున్నునప్పుడో, పునాది త్రవ్వునప్పుడో భూమిలో పాతవస్తువు దొరకినచో, దాని విలువ పది రూపాయలు దాటినయెడల కలెక్టరుకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు నిధి చట్టమున నున్నది. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ వస్తువు ఎవరిదో, ఎట్లు వచ్చినదో మీకు తెలిసినంతవరకు ఒక కాగితముపై వ్రాసి దానితోనే ఉంచుడు. వస్తువు మిగిలి కథ పోయినచో, నావంటివాడొకడు బయలుదేరి దానికి లేని కథను అల్లును.

చీనా, జపాను దేశముల లోహపు పనిని, పింగాణిని కన్నులార చూడగోరువారు హైదరాబాదునకు పోయినప్పుడు సాలార్‌జంగు మ్యూజియమును దర్శింపవచ్చును. అది 1951లో తెరవబడినది.

మా మృగము ఇప్పుడు తమ్ముని యింట నున్నది. నేనే తీసికొనిపోయి ఇచ్చితిని. నా పింఛనులో కొంత నెలనెల అతనికి పంపుచున్నాను. అతడు మొదట వలదనెను, తరువాత ఊరకుండెను. పసుపుకొమ్ములు తీసివేసి, అమావాస్యనాడు మరల సాంబ్రాణి వేయుచున్నారు. దాని మేను ఇంకను పసుపుపచ్చగానే యున్నది. నోటిచుట్టు మాత్రము కొంచెము నల్లబడినది. ఎవరైన వచ్చి దాని వెల యడిగినచో, "అది మాది కాదు, ఒకరు దాచుకొనుమని యిచ్చినది" అని మా మరదలు చెప్పుచున్నది.

సెలవు.